కోనసీమకి మూడు రాత్రులు: మకాం ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ నుంచి సొంత కారులో ఆరుగురు వస్తున్నారు. మీరిద్దరూ, ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మానాన్నలు. జనవరి చివర్లో మూడు రాత్రులు. పెద్దవాళ్లకి అంతర్వేది, అయినవిల్లి, ద్రాక్షారామం చూడాలని ఉంది. పిల్లలకి పడవ ఎక్కాలని, మీ ఆవిడకి కొబ్బరితోటల మధ్య తీరిగ్గా తిరగాలని ఉంది. రాజమండ్రిలో మంచి హోటల్ తీసుకుని రోజూ వెళ్లిరావాలా, దిండిలో నది ఒడ్డున దిగాలా, అమలాపురంలో ఉండాలా, రోజుకో ఊరు మారాలా అన్నది ప్రశ్న.

అమలాపురం. మూడు రాత్రులూ అక్కడే. మాది అంబాజీపేట పక్క ఊరు. ఉద్యోగం హైదరాబాద్‌లోనే అయినా ఇరవయ్యేళ్లుగా చుట్టాల్నీ, ఆఫీసు వాళ్లనీ ఊరు తిప్పడం నా వంతే, కాబట్టి చేయాల్సిన తప్పులన్నీ ముందే చేసేశాను.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. కోనసీమలో కిలోమీటర్లు చూసి దూరం అంచనా వేస్తే దెబ్బతింటారు. ఇది దీవి. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలి, తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ అయి సముద్రంలో కలుస్తుంది. మధ్యలో వైనతేయ అని ఇంకో పాయ దీవిని మళ్లీ రెండు ముక్కలు చేస్తుంది. కారు లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రావులపాలెం దగ్గర హైవే వంతెనలు రెండు (సిద్ధాంతం వైపు ఒకటి, జొన్నాడ వైపు ఒకటి), ధవళేశ్వరం బ్యారేజీ మీద రోడ్డు, దిండి దగ్గర చించినాడ వంతెన, యానాం వైపు ఎదుర్లంక వంతెన. లోపల వైనతేయ దాటడానికి బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, పి.గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువని దాటించే కట్టడం). మ్యాపులో ఎదురెదురుగా కనిపించే రెండు ఊళ్ల మధ్య వంతెన లేకపోతే, అవి ఎదురెదురుగా ఉన్నట్టు కాదు.

ఇది నాకు నర్సాపురంలో బాగా తెలిసొచ్చింది. ఒకసారి మా బావమరిది కుటుంబాన్ని అంతర్వేది తీసుకెళ్తూ, నది అవతలే కదా అని నర్సాపురంలో గదులు తీసుకున్నాను. పొద్దున పంటు మీద సఖినేటిపల్లి దాటాం. పంటు తెలియని వాళ్లకి చెప్తున్నా, మనుషుల్నీ బళ్లనీ కలిపి ఎక్కించుకుని నది దాటించే పెద్ద బల్లకట్టు. కారు దాని మీదికి ఎక్కుతుంటే పిల్లలకి పండగే. దర్శనం అయింది, భోజనం అయింది, సాయంత్రం సముద్రం దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు చూడ్డానికి వెళ్లాం. అక్కడ్నించి పిల్లలు కదిలితే కదా. రేవుకి వచ్చేసరికి పంటు అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. నర్సాపురం దీపాలు ఎదురుగా వెలుగుతున్నాయి. మా గది ఆ దీపాల్లోనే ఎక్కడో ఉంది. మేం మాత్రం వెనక్కి తిరిగి రాజోలు, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా సుమారు 40 కిలోమీటర్లు చీకట్లో తిరిగి వెళ్లాం. చేరేసరికి హోటల్లో వంట అయిపోయింది. బ్రెడ్డు, చక్కెరకేళీ పళ్లతో సరిపెట్టుకున్నాం. మా బావమరిది ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు 'పంటు దొరికిందా' అనే అడుగుతాడు.

అప్పట్నించీ నాది ఒకే లెక్క. రోజు ఎక్కడ మొదలవుతుందన్నది ముఖ్యం కాదు, ఎక్కడ ముగుస్తుందన్నది చూడాలి. పొద్దున 7 గంటలకి అందరూ హుషారుగానే ఉంటారు, 60 కిలోమీటర్లు వెళ్దామన్నా ఎవరూ కాదనరు. సాయంత్రం 6 తర్వాత చిన్నోడు నిద్రలో తల వాల్చేసి, నాన్నగారు 'ఇంకెంత దూరం' అని రెండోసారి అడిగినప్పుడు ఆ చివరి గంట ఎలాంటి రోడ్డు మీద గడుస్తుందో, దాన్నిబట్టి మకాం ఎంచుకోవాలి. జనవరిలో మా వైపు ఆరయ్యేసరికి చీకటి పడిపోతుంది. కాలువగట్ల మీద రోడ్లు సన్నం, చాలాచోట్ల పిట్టగోడ కూడా ఉండదు. ఒకపక్క కాలువ, ఇంకోపక్క చేను. ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వచ్చిందంటే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. పగలు అదే రోడ్డు ఎంత అందంగా ఉంటుందో, రాత్రి కొత్తవాళ్లకి అంత టెన్షన్.

రాజమండ్రి సంగతి. హోటళ్లు, ఆసుపత్రులు, తిండి, సాయంత్రం పుష్కరఘాట్‌లో హారతి, అన్నీ బాగుంటాయి. కానీ అక్కడ్నించి అంతర్వేది ఒకవైపే దాదాపు 100 కిలోమీటర్లు. అమలాపురమే 60 దాటుతుంది. అంటే ప్రతిరోజూ పొద్దునా సాయంత్రం రావులపాలెం దాకా హైవే మీద లారీల వెనక పడి రావడం, పోవడం. కోనసీమ చూశామనుకుంటారు గానీ ఫోటోల్లో సగం జొన్నాడ వంతెనే ఉంటుంది. మీరు విమానంలోనో రైల్లోనో దిగి ఒక్క రోజు కారు మాట్లాడుకుని తిరిగేటట్టయితే రాజమండ్రే సరైనది. పాపికొండలు కూడా కలుపుదామని అన్నారు. వద్దు. అది పూర్తిగా ఒక రోజు మింగేస్తుంది, దారి కూడా ఇటు కాదు, ఎగువకి. పాపికొండలకి వేరే ట్రిప్ పెట్టుకోండి, అప్పుడు రాజమండ్రిలో దిగండి.

దిండి మీద నాకు కోపం లేదు. వశిష్ఠ ఒడ్డున పొద్దున్నే టీ తాగుతూ కూర్చుంటే లేవబుద్ధి కాదు. చిక్కంతా అక్కడే ఉంది, దిండిలో దిగినవాళ్లు ఊరు తిరగరు, తిరిగేవాళ్లకి దిండి ఓ మూల. అక్కడ్నించి అయినవిల్లి రావాలంటే దీవి మొత్తం అడ్డంగా దాటాలి, ద్రాక్షారామం అయితే 80 కిలోమీటర్ల పైనే. రాత్రి పదింటికి పిల్లాడికి జ్వరం వస్తే మందుల షాపు కోసం రాజోలు పరిగెత్తాలి. ఇద్దరే వస్తే, రెండ్రోజులు ఏమీ చేయకుండా పడుకుందామనుకుంటే, కళ్లు మూసుకుని దిండి బుక్ చేసుకోండి. ఆరుగురితో, మూడు గుళ్ల జాబితాతో మాత్రం అది పగటిపూట పడవకి వెళ్లే చోటు.

రోజుకో ఊరు అన్న ఐడియా ఎవరిచ్చారో గానీ, ఆరుగురి సామాను పొద్దున్నే సర్దించి, గది ఖాళీ చేయించి, కొత్త చోట మధ్యాహ్నం దాకా గది ఇవ్వకపోతే అమ్మానాన్నల్ని కారులోనే కూర్చోబెట్టడం ఒక్కసారి ఊహించుకోండి. మూడు రాత్రుల ప్రయాణంలో మకాం మార్చిన ప్రతిసారీ సగం రోజు పోయినట్టే. రావులపాలెం ఎవరైనా సూచిస్తే, అది అరటి గెలల మార్కెట్‌కి పేరున్న ఊరు, దారిలో ఆగడానికి బాగుంటుంది. హైవే హారన్ల మధ్య పడుకోవడానికి కోనసీమ దాకా రానక్కర్లేదు.

ఇక అమలాపురం ఎందుకంటే, అది దీవి మధ్యలో ఉంది కాబట్టి ఎటు వెళ్లినా తిరుగుదారి చివరి అరగంట పెద్ద రోడ్డు మీదే వస్తుంది. అంతర్వేది నుంచి వస్తే 216 నంబర్ జాతీయ రహదారి, యానాం వైపు నుంచి వచ్చినా అదే. అంతర్వేది సుమారు 50 కిలోమీటర్లు, యానాం 30 అటూ ఇటూ, అయినవిల్లి పక్కనే. 2022లో జిల్లా కేంద్రం అయింది. పిల్లల డాక్టర్లు, మెడికల్ కాలేజీ ఆసుపత్రి, రాత్రి దాకా తెరిచుండే మందుల షాపులు ఉన్నాయి. ఊళ్లో గదులు మరీ గొప్పగా ఉంటాయని చెప్పను, శుభ్రంగా ఉంటాయి. అందం కావాలంటే ఊరి చివర, తోటల్లో ఇళ్లు అద్దెకిస్తున్నారు. మీ ఆవిడ కోరిక కూడా తీరుతుంది కనక నేనైతే అలాంటిదే చూస్తాను, కానీ అమలాపురం నుంచి పదిహేను నిమిషాల్లో చేరేదై ఉండాలి, గేటు దాకా కారు వెళ్లాలి.

ఇల్లయినా హోటలైనా ఫోన్‌లో ఈ సంగతులు అడగండి. పెద్దవాళ్లకి కింది అంతస్తులో గది, అందులోనే వెస్టర్న్ టాయిలెట్ ఉందా, 'ఉంది సార్' అంటే వాట్సాప్‌లో ఫోటో పంపమనండి. కరెంట్ పోతే జనరేటర్ ఏసీకి కూడా వస్తుందా, ఫ్యాన్లకేనా. కిటికీలకి దోమల మెష్ ఉందా, ఎందుకంటే తోట అన్నాక దోమ ఉంటుంది, దాన్ని రిసార్ట్ వాళ్లు కూడా ఏమీ చేయలేరు. రాత్రి భోజనం చెప్తే వండుతారా, ఎన్నింటికల్లా చెప్పాలి. ఈత కొలను ఉందా అని పిల్లలు అడుగుతారు. కాలువ మాత్రం ప్రతి ఇంటి ముందూ ఉంటుంది, గేటుకి గొళ్లెం పడుతుందో లేదో అది చూసుకోండి. నాలుగేళ్లవాడితో వచ్చినప్పుడు నేను అన్నింటికన్నా ముందు చూసేది ఆ గొళ్లెమే.

తోట ఇంట్లో దిగితే కారు కొబ్బరిచెట్టు కింద పెట్టొద్దు. నవ్వకండి. నీడ బాగుందని పెట్టి, తెల్లారి లేచి చూస్తే మా కారు ముందద్దం మీద సాలెగూడు ఆకారంలో పగులు, బానెట్ మీద గెలలోంచి ఊడిన కాయ. ఇంటి పెద్దాయన వచ్చి కాయని తిప్పి చూసి, 'ముదురుకాయేనండీ, పచ్చడికి పనికొస్తదండీ ఆయ్' అన్నారు. ఎండలో పెట్టినా పర్లేదు, కారు నల్లబడదు.

తిరుగుడు సంగతి. రెండు నిండు రోజులు మీ చేతిలో ఉంటాయి. మొదటిది పడమరకి. పొద్దున్నే అంబాజీపేట వెళ్లి పొట్టిక్కలు తినండి. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇడ్లీయే గానీ పనసాకు వాసన పట్టి ఉంటుంది. ఆలస్యంగా వెళ్తే అయిపోతాయి. అక్కడ్నించి నేరుగా అంతర్వేది. దారిలో అప్పనపల్లి బోర్డు కనిపిస్తుంది, ఆగాలనిపిస్తుంది, ఆగకండి. మధ్యాహ్నం చాలా గుళ్లు తలుపులేస్తారు, నాలుగు ప్రాంతంలో మళ్లీ తీస్తారు. దూరంగా ఉన్న గుడి పొద్దున, దగ్గరగా ఉన్నది సాయంత్రం పెట్టుకుంటే ఎక్కడా తలుపు ముందు కూర్చోవాల్సిన పని ఉండదు. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం, సంగమం, భోజనం అయ్యాక దిండి రండి. ఎండ తగ్గాక నాలుగింటికి పడవ ఎక్కితే గంటలో దిగుతారు, పిల్లలకి అంతకన్నా అక్కర్లేదు. లైఫ్ జాకెట్ చిన్నపిల్లల సైజు ఉందో లేదో టికెట్ కొనకముందే అడగండి, పెద్దవాళ్లది తొడిగి తాడు బిగిస్తే సరిపోదు. ఓపికుంటే వచ్చేటప్పుడు వైనతేయ ఒడ్డున అప్పనపల్లి బాలబాలాజీని చూసుకుని గదికి చేరండి.

ఒక్క జాగ్రత్త. అంతర్వేది కల్యాణం భీష్మ ఏకాదశి వేళకి జరుగుతుంది. మాఘమాసం ఒక్కోసారి జనవరి చివరికే వచ్చేస్తుంది. మీ తేదీలు పంచాంగంలో చూసుకోండి. తీర్థం రోజుల్లో వస్తే కారు ఎక్కడో ఆపి మైళ్లు నడవాలి, మీ నాన్నగారి మోకాళ్లతో అయ్యే పని కాదు.

రెండో రోజు మాత్రం తేల్చుకోవాలి. ద్రాక్షారామం కావాలా, ఆత్రేయపురం కావాలా. రెండూ ఒకేరోజు పెట్టుకుంటే చూడడం ఉండదు, దిగడం ఎక్కడమే.

ద్రాక్షారామం అంటే ముమ్మిడివరం, ఎదుర్లంక మీదుగా గౌతమి దాటి యానాం, అక్కడ్నించి ఇంకో అరగంట పైన. పంచారామాల్లో ఒకటి, అమ్మవారు మాణిక్యాంబది శక్తిపీఠం కూడా, కాబట్టి పెద్దవాళ్లు వదులుకోరు. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు. పై అంతస్తుకి మెట్లెక్కితేనే పైభాగం కనిపిస్తుంది. అమ్మగారికి ఇది ముందే చెప్పి ఉంచండి. తిరుగుప్రయాణంలో రామచంద్రపురం, మండపేట మీదుగా తాపేశ్వరం తగిలి మడతకాజా కొనుక్కుని, జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం చేరితే పెద్ద చుట్టు అవుతుంది, కానీ దారంతా మంచి రోడ్డు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వస్తే దగ్గర కదా అని మ్యాపు చెప్తుంది. మీరు ఇద్దరే బైక్ మీద వస్తే నేనూ అదే చెప్తాను.

ఆత్రేయపురం అయితే పొద్దున అయినవిల్లి వినాయకుణ్ణి చూసుకుని బయల్దేరండి. పరీక్షల ముందు ఆ గుళ్లో స్వామి దగ్గర పెన్నులు పెట్టి పూజచేసి పిల్లలకి పంచుతారు, మీ పాపకి చెప్తే ఉత్సాహంగా వస్తుంది. ర్యాలిలో జగన్మోహిని కేశవస్వామి విగ్రహం ఒకే రాయి, ముందు విష్ణువు, వెనక మోహిని. జడ, నడుము మీద మడత కూడా చెక్కారు. పూజారిగారు దీపం పట్టుకుని వెనక్కి తిప్పి చూపిస్తారు, తొందరపడకండి. అక్కడికి దగ్గర్లోనే ఆత్రేయపురం, లొల్ల లాకులు (కాలువ నీళ్లని ఆపి వదిలే తలుపులు).

ఆత్రేయపురంలో షాపులో పూతరేకులు కొని వచ్చేయకండి, రేకు తీసే ఇల్లు చూపించమని అడగండి. కాదనరు. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. పలచటి బియ్యప్పిండి నీళ్లలో చిన్న గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. లెక్కపెట్టి మూడు అనేలోపు తెల్లటి పొర లేస్తుంది. ఆవిడ దాన్ని వేళ్లతో ఎత్తి పక్కన పెట్టేసి, మాట ఆపకుండానే ఇంకో రేకు లాగుతుంది. మా ఆఫీసు ఆయన ఒకరు నేనూ చేస్తానని కూర్చుని, ఐదు నిమిషాల్లో వేళ్లు ఊదుకుంటూ లేచారు. ఈ రేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంచదారవి తొందరగా మెత్తబడవు కాబట్టి హైదరాబాద్ పట్టుకెళ్లడానికి అవి, అక్కడే తినడానికి బెల్లంవి. ఇది నా అభిప్రాయమే, మా ఇంట్లోనే ఒప్పుకోనివాళ్లున్నారు.

టైం ఉంటే ధవళేశ్వరం బ్యారేజీ మీదికి వెళ్లి అవతల కాటన్ మ్యూజియం చూపించండి. ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశారు. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ తర్వాత కట్టింది. రెండ్రోజులుగా చూస్తున్న కాలువలన్నీ ఎక్కడ మొదలయ్యాయో పిల్లలకి అక్కడ అర్థమవుతుంది. పి.గన్నవరం వైపు వెళ్లే అవకాశం ఉంటే అక్విడక్టు దగ్గర కారు దిగండి. కింద వైనతేయ, దాని పైనుంచి కాలువ నది దాటుతూ ఉంటుంది. ఇప్పుడున్న దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, ఆ చుట్టుపక్కల లంకలో ఉండి వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన తల్లి.

మీరు ఎంచుకున్న నెల మంచిదే. సంక్రాంతి రద్దీ అయిపోయి గదుల ధరలు దిగుతాయి, దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడి చేలు లేతపచ్చగా ఉంటాయి, కాలువల్లో నీళ్లుంటాయి. ఇదే ప్లాన్ మేలో వేస్తే, అప్పుడు కాలువలు కట్టేస్తారు, బురద చూసి వెళ్లాలి. జూలై నుంచి సెప్టెంబర్ వరకు వరద భయం. ఒక్కటే లోటు, జనవరిలో పులస ఉండదు. వరద నీటికి ఎదురీదుకుంటూ వచ్చినప్పుడే అది పులస. పుస్తెలమ్మి అయినా తినాలన్నది ఆ చేప గురించే. జనవరిలో ఎవరైనా పులస అని వడ్డిస్తే పుస్తెలు జాగ్రత్త. పొద్దున్న మంచు మాత్రం పడుతుంది, 7 ముందు కారు తీయకండి.

వచ్చే రోజు గురించి. హైదరాబాద్ నుంచి విజయవాడ, ఏలూరు, తణుకు, రావులపాలెం మీదుగా 430 కిలోమీటర్ల దాకా అవుతుంది. పెద్దవాళ్లతో ఆగుతూ వస్తే తొమ్మిది పది గంటలు. ఉదయం 5కి బయల్దేరితే చీకటి పడకముందే రావులపాలెం దగ్గర హైవే దిగుతారు. అంత సేపు నాన్నగారు కూర్చోలేరనుకుంటే, వాళ్లిద్దర్నీ ముందురాత్రి రాజమండ్రి రైలెక్కించి పొద్దున అక్కడ బంధువులెవరైనా ఉంటే వాళ్లింట్లో దించండి, సాయంత్రం మీరు జొన్నాడ వంతెన దాటి వెళ్లి తెచ్చుకోవచ్చు. మా అమ్మానాన్నల్ని నేను అలాగే తీసుకొస్తున్నాను.

సెలవు దొరక్క మూడు రాత్రులు రెండయితే మకాం మార్చకండి, రోజు తీసేయండి. అమలాపురంలోనే ఉండి పడమర రోజు ఉంచుకోండి. అయినవిల్లి ఎలాగూ దగ్గరే కాబట్టి తిరిగి వెళ్లే రోజు పొద్దున్నే చూసుకోవచ్చు, పూతరేకులు రావులపాలెంలో కారు దిగకుండానే దొరుకుతాయి. ద్రాక్షారామం మాత్రం ఈసారికి లేదని అమ్మగారికి బయల్దేరకముందే చెప్పేయండి, దారిలో చెప్తే ఒప్పుకోరు.